ఆ చీటీలు రాసిందెవరు?

వెరోనికా హ్యూబర్, 18 ఏళ్ళు, సాల్జ్‌బర్గ్. కన్నబిడ్డను చంపిన నేరానికి మరణశిక్ష. ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో ఒక పుర్రె గురించి మనకి తెలిసేది ఇంతే. ఒక ఆడపిల్ల బతుకుని ఇంతకంటే కుదించి రాయడం ఎవరివల్లా కాదేమో.

2019లో, నా పిహెచ్.డి. చివరి రోజుల్లో, ఒక సెమినార్ కోసం అమెరికా వెళ్ళినప్పుడు ఆ మ్యూజియం చూశాను. న్యూజెర్సీలో ఉండే మా పిన్ని కూతురు తీసుకెళ్ళింది. "లిబర్టీ బెల్ చూపిస్తానంటే వద్దని ఈ పుర్రెల కొంపకి వస్తానంటావేంటక్కా!" అని దారి పొడుగునా విసుక్కుంది. ఆమె విసుగులో న్యాయం ఉంది. భయపడ్డానికి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళే చోటు అది. థామస్ డెంట్ మ్యూటర్ అనే సర్జన్ 1858లో తన సేకరణనీ, దాని పోషణకి 30 వేల డాలర్లనీ అక్కడి కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌కి ఇచ్చాడు. 1863లో మ్యూజియం మొదలైంది. అప్పట్లో వైద్యుల చదువు కోసం పెట్టిన ఎముకలూ, కణితులూ, సీసాల్లో పిండాలూ ఇప్పుడు జనానికి వినోదం. అతుక్కుని పుట్టిన కవలలు ఛాంగ్, ఎంగ్‌ల కాలేయం అక్కడుంది. దుకాణంలో బొమ్మలు కూడా అమ్ముతారు. నాకు వైద్యం తెలీదు. సాహిత్యం చదువుకున్న మనిషిని కాబట్టి ఎముకల మధ్య నిలబడి కూడా నేను చేసింది చదవడమే. ప్రతి వస్తువు పక్కనా ఉన్న ఆ చిన్న చీటీలని ఒక సాహిత్య ప్రక్రియగా చదవొచ్చని అక్కడే అనిపించింది. వాటికి రచయితలున్నారు, శైలి ఉంది, దాచిపెట్టేవీ ఉన్నాయి. మన విమర్శకులు కథకి అడిగే ప్రశ్నలన్నీ వాటికీ అడగొచ్చు.

ఆ పుర్రెలు వియన్నా శరీరశాస్త్రవేత్త యోసెఫ్ హిర్టల్ పోగుచేసినవి. మొత్తం 139. మ్యూజియం వాటిని 1874లో కొన్నది. పుర్రె ఆకారాన్ని బట్టి మనిషి గుణం, తెలివి, జాతి గొప్పతనం చెప్పొచ్చని వాదించే వాళ్ళ నోరు మూయించడానికి ఆయన వీటిని సేకరించాడు. మంచి ఉద్దేశమే. పుర్రెల మీదే మనిషి పేరు, వయసు, ఊరు, వృత్తి, చావుకి కారణం రాయించాడు. పేరు రాయడం ఆ కాలానికి గొప్ప మర్యాద కింద లెక్క. కానీ పేరు తర్వాత ఏం రాశారన్నది చూడాలి. ఫ్రాన్సిస్కా సైకోరా, 19 ఏళ్ళు, పేరుపడ్డ వియన్నా వేశ్య, మెదడు వాపుతో మరణం. ఎవరిలో పేరుపడింది? ఆ పేరు ఆమెకి ఎవరు పెట్టారు? వెరోనికా బిడ్డకి తండ్రి లేడా? ఉంటే ఆయన పుర్రె ఏ చర్చి ఆవరణలో మర్యాదగా మట్టిలో కలిసింది?

పక్కనే గేజా ఉయిర్‌మెనీ అనే పశువుల కాపరి ఉన్నాడు. 70 ఏళ్ళ వయసులో గొంతు కోసుకున్నాడు, చావలేదు, ఆ తర్వాత పదేళ్ళు ఏ దిగులూ లేకుండా బతికి 80లో పోయాడని రాశారు. రెండు ముక్కల్లోనే ఒక మలుపు, మలుపు తర్వాత జీవితం! మగవాళ్ళ పుర్రెల్లో దొంగలూ, ఉరికంబం ఎక్కినవాళ్ళూ లేరని కాదు, ఉన్నారు. అయినా కాపరికి దక్కిన ఆ 'తర్వాత' వెరోనికాకీ, ఫ్రాన్సిస్కాకీ దక్కలేదు. నేరం దగ్గరో వృత్తి దగ్గరో వాళ్ళ వాక్యం ఆగిపోతుంది. పెళ్ళికాని తల్లి, విధవ తల్లి, నుయ్యి, పోలీసు కేసు - మన కథల్లో ఎన్నిసార్లు చదవలేదు ఈ వాక్యాన్ని!

కింది అంతస్తులో ఒక పొడవాటి అస్థిపంజరం, పక్కన ఒక పొట్టిది. ఏడున్నర అడుగుల మనిషి పేరు ఎవరికీ తెలీదు, అడగకూడదన్న షరతు మీదే 1877లో మ్యూజియానికి వచ్చాడు. పొట్టి మనిషి మేరీ ఆష్‌బెర్రీ. మూడున్నర అడుగుల ఎత్తు. వర్జీనియా రాష్ట్రం నార్‌ఫోక్ ఊళ్ళో వేశ్యాగృహంలో ఉండేదని చెప్తారు. 1856లో కాన్పు కష్టమైంది. డాక్టర్లు ముందు లోపలి బిడ్డ తల చితక్కొట్టి తియ్యబోయారు, కుదరక కడుపు కోశారు. మూడు రోజులకి ఆమె పోయింది. ఆ బిడ్డ పుర్రెని ఆమెతోపాటే ప్రదర్శనకి పెట్టారు. మా చెల్లి అంతవరకూ ఏదో ఒకటి అంటూనే ఉంది, అక్కడ మాత్రం కాసేపు మాట్లాడలేదు. తర్వాత "బిడ్డనైనా పక్కనే ఉంచారు, అది నయం" అంది. నాకు అది నయం అనిపించలేదు. తల్లీబిడ్డల జంట అన్నది చూసేవాళ్ళ కోసం అమర్చిన దృశ్యం. ఆమె ఆ బిడ్డని కావాలనుకుందో లేదో, ఎవరి బిడ్డో, ఏ పరిస్థితిలో మోసిందో మనకి తెలీదు. చచ్చిపోయాక కూడా ఆమెకి తల్లి వేషం వేసి నిలబెట్టారు. పొడుగు మనిషి పక్కన ఆమె పొట్టిదనం, పుర్రె పక్కన ఆమె తల్లితనం, ఈ రెండే ఆమె గురించి ఆ గది చెప్పేవి.

అన్నిటికంటే ఎక్కువమంది గుమికూడేది 'సబ్బు మహిళ' దగ్గర. ఫిలడెల్ఫియాలో ఒక పాత శ్మశానం తవ్వినప్పుడు 1875లో బయటపడిన శవం అది. గాలి ఆడని చెమ్మ నేలలో కొన్నిసార్లు ఒంట్లోని కొవ్వు సబ్బులాంటి మైనంగా మారుతుంది. ఆమె ఒళ్ళంతా అలా మారిపోయింది. నోరు తెరుచుకుని ఉంటుంది, అరుస్తున్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది శవాల దవడ జారడం మాత్రమే. ఆమెని మ్యూజియానికి తెచ్చిన జోసెఫ్ లీడీ చిన్నాచితకా మనిషి కాడు, ఆ కాలపు గొప్ప శాస్త్రవేత్త. ఆమె పేరు ఎలెన్‌బోగెన్ అనీ, 1792లో పచ్చజ్వరంతో పోయిందనీ ఆయన రాసిపెట్టాడు. ఫిలడెల్ఫియాని తుడిచిపెట్టిన పచ్చజ్వరం వచ్చింది 1793లో. ఎలెన్‌బోగెన్ అంటే జర్మన్‌లో మోచెయ్యి. వందేళ్ళు దాటాక, 1980లలో ఎక్స్‌రే తీస్తే ఆమె బట్టలకున్న గుండీలూ, గుండుసూదులూ కనిపించాయి. అవి 1830ల ముందు అమెరికాలో తయారైన రకం కావు. ఒక శాస్త్రవేత్త చెప్పిన కథని నాలుగు గుండుసూదులు అబద్ధం చేశాయి. అన్నాళ్ళూ ఆమెని చూసినవాళ్ళు చూసింది లీడీ గారి కల్పననే.

మన దగ్గర కూడా ఇలాంటి గది ఒకటుంది. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చూడని బడిపిల్లలు మా తరంలో తక్కువ. నజీర్ నవాజ్ జంగ్ కొనుక్కొచ్చి నిజాముకి ఇచ్చాడు, నిజాము 1930లో మ్యూజియానికి ఇచ్చాడు. నైషు అనే రాజకుమారి అని చెప్తారు. చేతులు మారిన మగవాళ్ళ వరస అంతా మనకి తెలుసు. ఆమె ఎవరన్నది మాత్రం 'రాజకుమారి' దగ్గర ఆగిపోయింది. ఎక్కడ చూసినా మమ్మీలు రాజకుమారులూ రాజకుమార్తెలే అయిపోవడం నాకెప్పుడూ వింతే.

శాస్త్రం మాట అలా ఉంచి దెయ్యాల మ్యూజియాల సంగతి కొంచెం చూద్దాం. కనెక్టికట్ రాష్ట్రం మన్రోలో ఎడ్, లోరైన్ వారెన్ దంపతులు నడిపిన మ్యూజియంలో అనబెల్ అనే గుడ్డబొమ్మ ఉండేది. 2019లో ఆ మ్యూజియం మూతపడింది. సినిమాలో చూపించిన పింగాణీ మొహం బొమ్మ వేరు, అసలుది మామూలు నూలు జుట్టు గుడ్డబొమ్మ. వారెన్లు చెప్పిన కథ ప్రకారం, 1970లో ఒక నర్సింగు విద్యార్థిని దగ్గర ఈ బొమ్మ ఉండేది. అందులో ఏడేళ్ళకే చనిపోయిన ఒక చిన్నపిల్ల ఆత్మ ఉందని ఎవరో చెప్తే, పాపం కదా, ఉండనిద్దాం అని ఆ అమ్మాయిలు ఒప్పుకున్నారట. తర్వాత వారెన్లు వచ్చి, అది పిల్ల కాదు, పిశాచి, మీరు జాలిపడటమే తప్పు అని తేల్చి బొమ్మని తీసుకుపోయి అద్దాల పెట్టెలో పెట్టారు. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. కథగా చూస్తే మాత్రం ఇందులో ఆసక్తికరమైనది దెయ్యం కాదు, ఆ జాలి. చచ్చిపోయిన పిల్లకి చోటిచ్చిన ఇద్దరు ఆడపిల్లల మాటని నిపుణులు వచ్చి కొట్టేసి, పెట్టెకి హెచ్చరిక బోర్డు తగిలించారు. డాక్టరు రాసినా భూతవైద్యుడు రాసినా చీటీ వ్యాకరణం మారలేదు.

అసలు నన్ను ఇన్నేళ్ళుగా వదలనిది ప్రదర్శన గదుల్లో లేదు. మ్యూజియం నడిపే కాలేజీకి గొప్ప వైద్య గ్రంథాలయం ఉంది. అందులో మనిషి చర్మంతో అట్టలు కట్టిన పుస్తకాలు ఐదున్నాయి. మూడింటికి ఒకే స్త్రీ చర్మం. జాన్ స్టాక్టన్ హఫ్ అనే డాక్టరు పుస్తకాల పిచ్చివాడు. 1869లో ఫిలడెల్ఫియా ధర్మాసుపత్రిలో ఒక రోగికి శవపరీక్ష చేసి, తొడ మీది చర్మం ఒలిచి దాచుకున్నాడు. 1887లో ఆ చర్మంతో మూడు పాత పుస్తకాలకి అట్టలు వేయించాడు. ఆమె పేరు 'మేరీ ఎల్' అని మాత్రం రాసిపెట్టాడు. మూడు పుస్తకాలూ ఎంచుకుని కట్టించినవే: స్త్రీ గర్భం ఎలా ధరిస్తుందన్న ఊహల పుస్తకం ఒకటి, స్త్రీపురుషుల శరీర భాగాల గురించి ఒకటి, మూడోది లూయీజ్ బూర్జువా రాసిన వైద్య రహస్యాల 1650 నాటి ముద్రణ.

ఇక్కడ నేను ఆగిపోయాను. లూయీజ్ బూర్జువా (1563-1636) ఫ్రాన్సు రాణి మరీ ద మెదిచీకి కాన్పులు చేసిన మంత్రసాని. పదమూడో లూయీని చేతుల్లోకి తీసుకున్నది ఆమే. 1609లో తన అనుభవాలని పుస్తకంగా అచ్చువేసింది. ఐరోపాలో కాన్పుల గురించి పుస్తకం అచ్చువేసిన మంత్రసానుల్లో మొదటిది అని చరిత్రకారులు అంటారు. 1627లో రాజు మరదలు పురుడయ్యాక జ్వరంతో చనిపోయింది. శవపరీక్ష చేసిన వైద్యులు మాయ ముక్క లోపల మిగిలిపోయిందని నివేదిక ఇచ్చారు. అంటే తప్పు మంత్రసానిదని. 64 ఏళ్ళ లూయీజ్ ఊరుకోలేదు. ఆ నివేదికకి జవాబు రాసి అచ్చువేసింది: ఇన్నేళ్ళ నా అనుభవం ఒకవైపు, స్త్రీ శరీరం గురించి మీకు తెలిసిందెంత అని నిలదీసింది. ఆ వైద్యులు మళ్ళీ విరుచుకుపడ్డారు, ఆమె వృత్తి జీవితం దాదాపు అక్కడితో ముగిసింది. శవపరీక్ష నివేదిక మీద ఒక స్త్రీ రాసిన విమర్శ అది. మన శాస్త్రానికి ఆవిడ పూర్వీకురాలు.

అటువంటి మనిషి పుస్తకానికి, రెండున్నర శతాబ్దాల తర్వాత, శవపరీక్ష బల్ల మీద నుంచి ఒలిచిన మరో స్త్రీ చర్మంతో అట్ట వేశారు. హఫ్‌కి ఇందులో క్రూరత్వం కనిపించి ఉండదు, అందం కనిపించి ఉంటుంది. స్త్రీల గురించిన పుస్తకానికి స్త్రీ చర్మం, పొందిక కుదిరిందనుకుని ఉంటాడు. నన్ను భయపెట్టేది ఆ పొందికే, ఆ సాహిత్యాభిరుచే. 'పుస్తకాల మీద ప్రేమ' అన్న మాటని మనం ఎంత తేలిగ్గా వాడతాం!

ఈ మేరీ ఎల్ ఎవరో చాలాకాలం ఎవరికీ తెలీదు. ఆ గ్రంథాలయంలో పనిచేసిన బెత్ లాండర్ అనే లైబ్రేరియన్ పాత ఆసుపత్రి రిజిస్టర్లూ, హఫ్ తన కేసు గురించి వైద్య పత్రికలో అచ్చువేసిన వ్యాసమూ పక్కపక్కన పెట్టుకుని చదివి పట్టుకుంది. మేరీ లించ్. 28 ఏళ్ళ ఐరిష్ వితంతువు. క్షయతో 1868లో ఆసుపత్రిలో చేరింది. ఆసుపత్రి తిండి చాలకనో ఏమో ఇంటివాళ్ళు తెచ్చిపెట్టిన పంది మాంసంలో పురుగులుండి, ఆ రోగం కూడా తోడై 1869 జనవరిలో చనిపోయింది. ఇంటివాళ్ళు అన్నం తెచ్చిపెట్టారన్న ఆ ఒక్క సంగతి దగ్గరే ఆమె నాకు మనిషిగా కనిపించింది. ధర్మాసుపత్రి వార్డులోకి టిఫిన్ డబ్బా పట్టుకెళ్ళిన ఎవరికైనా తెలుస్తుంది అది ఎలాంటి రాకపోకో. మేగన్ రోజెన్‌బ్లూమ్ 2020లో రాసిన 'డార్క్ ఆర్కైవ్స్' పుస్తకంలో ఈ వెతుకులాట కథ వివరంగా ఉంది.

అదే ఊరు, అవే సంవత్సరాలు ఇంకో రకంగా కూడా చదవొచ్చు. 1869 నవంబరులో ఫిలడెల్ఫియా మహిళా వైద్య కళాశాల విద్యార్థినులు పెన్సిల్వేనియా హాస్పిటల్లో పాఠానికి వెళ్తే మగ విద్యార్థులు ఈలలు వేసి, అల్లరిపెట్టి తరిమారు. ఆ కళాశాలలోనే పద్నాలుగేళ్ళ తర్వాత మన ఆనందీబాయి జోషి చేరింది. హిందూ స్త్రీల ప్రసూతి పద్ధతుల మీద థీసిస్ రాసి 1886లో పట్టా పుచ్చుకుంది. 1887 ఫిబ్రవరిలో, ఇంకా 22 నిండకుండానే, పూనాలో పోయింది. హఫ్ తన మూడు పుస్తకాలకి అట్టలు కట్టించింది ఆ ఏడాదే. ఈ తేదీలకి ఒకదానితో ఒకటి సంబంధం లేదు, యాదృచ్ఛికమే. కానీ కాన్పు గురించి ఎవరు రాయాలి, ఎవరి శరీరం మీద రాయాలి అన్న తగవు ఆ ఊళ్ళో ఎంత పచ్చిగా నడిచిందో అవి చెప్తాయి. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. పాశ్చాత్య దేశాల వైద్య కళాశాలల్లో పాఠం చెప్పిన అస్థిపంజరాల్లో ఎక్కువ భాగం చాలా ఏళ్ళు మన కలకత్తా నుంచి వెళ్ళినవే. 1985లో ప్రభుత్వం ఎగుమతి నిషేధించేదాకా ఆ వ్యాపారం సాగింది. వాటికి హిర్టల్ పుర్రెల మీద ఉన్నపాటి పేరు కూడా లేదు.

ఇప్పుడు ఏం చెయ్యాలన్న ప్రశ్న. 2023లో మ్యూటర్ మ్యూజియం కొత్త నిర్వాహకులు, ఈ అవశేషాలని చూపించడం న్యాయమేనా అని సమీక్ష మొదలుపెట్టి, నాలుగువందలకి పైగా వీడియోలు తీసేశారు. మ్యూజియం అభిమానులు వేల సంతకాలతో తిరగబడ్డారు. వాళ్ళలో వైకల్యంతో బతికేవాళ్ళు కూడా ఉన్నారు. మా లాంటి శరీరాలు కనిపించేది ఇక్కడొక్కచోటే, వాటినీ దాచేస్తారా అని వాళ్ళడిగారు. ఆ ప్రశ్నని తోసిపుచ్చడం నావల్ల కాదు. చివరికి 2025లో మ్యూజియం మధ్యేమార్గం పట్టింది, ఈ అవశేషాల వెనక మనుషులెవరో వెతికే పనికి ప్రాధాన్యం ఇస్తామంది. హార్వర్డ్ గ్రంథాలయం దారి వేరు. వాళ్ళ దగ్గర ఆర్సెన్ ఊసే రాసిన, ఆత్మ గమ్యాల గురించిన ఫ్రెంచి పుస్తకం ఒకటుండేది. దాన్ని సొంతం చేసుకున్న లుడోవిక్ బూలాండ్ అనే డాక్టరు, ఆసుపత్రిలో చనిపోయిన ఒక స్త్రీ చర్మంతో అట్ట వేయించాడు. మనిషి ఆత్మ గురించిన పుస్తకానికి మనిషి చర్మమే తగినదని చీటీ కూడా రాసిపెట్టాడు. మళ్ళీ పొందిక! 2014లో పరీక్ష చేసి మనిషి చర్మమేనని తేల్చి, పాల్ నీధమ్ వంటి పుస్తక చరిత్రకారుల ఒత్తిడి మీద 2024 మార్చిలో ఆ అట్ట విప్పేశారు.

స్త్రీవాదులుగా మనం హార్వర్డ్ చేసింది మెచ్చుకోవాలని చాలామంది మిత్రులు అన్నారు. నాకు అంత తేలిగ్గా లేదు. అట్ట విప్పడం తప్పని నేననను. కానీ అట్ట పోయాక అది మళ్ళీ మామూలు పుస్తకం అయిపోతుంది, హార్వర్డ్ చేతులు శుభ్రమవుతాయి. మేరీ లించ్‌కి ఇంటిపేరు తిరిగొచ్చింది ఆ పుస్తకాలు అల్మరాలో మిగిలి ఉండబట్టి, వాటిని చూసి కడుపులో తిప్పినా వదలకుండా ఒక లైబ్రేరియన్ రిజిస్టర్లు తిరగేసింది కాబట్టి. మన సాహిత్యంలో ఈ పని ఎవరు చేశారో మీకు గుర్తొచ్చే ఉంటుంది. ముద్దుపళని 'రాధికాసాంత్వనము' అంతకు ముందరి ముద్రణలో అవతారికా, కొన్ని పద్యాలూ మాయమయ్యాయని పట్టుకుని, అసలు ప్రతి వెతికి, 1910లో పూర్తి పాఠం వేయించింది బెంగుళూరు నాగరత్నమ్మ. తీసేసిన ఆ అవతారికలోనే ముద్దుపళని తన అమ్మమ్మలూ అత్తల వరస చెప్పుకుంది. వీరేశలింగం గారు ఆమెకి తగిలించిన చీటీలో వేశ్య, సిగ్గులేనిది అన్న మాటలే ఉన్నాయి. నాగరత్నమ్మ ఆ చీటీని చింపెయ్యలేదు. ముందుమాటలో దాన్ని ఎదురుగా పెట్టుకుని, సిగ్గు ఆడవాళ్ళ సొత్తేనా అని జవాబు రాసింది. 1911లో ప్రభుత్వం పుస్తకాలు జప్తు చేసింది, నిషేధం తొలగడానికి 1947 దాకా పట్టింది. అయినా పాత చీటీ, కొత్త జవాబు రెండూ మన చేతిలో ఉన్నాయి కాబట్టే సూసీ తారు, కె. లలిత వంటివాళ్ళు తర్వాతి మాట రాయగలిగారు.

అందుకని నాకు కావలసింది ఖాళీ అల్మరా కాదు. వెరోనికా పుర్రె కింద పాత రాత అలాగే ఉంచి, దాన్ని ఎవరు రాయించారో, ఏం అడగలేదో పక్కన ఇంకో చీటీ ఉండాలి. లీడీ రాసిన ఎలెన్‌బోగెన్ కథా, ఎక్స్‌రేలో బయటపడ్డ గుండుసూదులూ పక్కపక్కన ఉండాలి. మేరీ ఆష్‌బెర్రీ పక్కన నుంచి ఆ పుర్రెని తీసి ఆ ఇద్దరినీ మట్టి చెయ్యాలన్నది మాత్రం నా గట్టి అభిప్రాయం. ఆమె విషయంలో చదవడానికి ఇంకేం మిగల్లేదు, చూడ్డానికే ఉంచారు. మేరీ లించ్ చర్మం సంగతి నేనింకా తేల్చుకోలేదు. ఆ పుస్తకాలు చూపించమని అక్కడ నేను అడగలేదు, మళ్ళీ వెళ్ళినా అడగను. అయినా గ్రంథాలయ సూచికలో రచయిత అని లూయీజ్ బూర్జువా పేరు రాసినప్పుడు, అట్ట కట్టించిన హఫ్ పేరు రాసినప్పుడు, మేరీ లించ్ పేరు ఏ గడిలో రాయాలో అక్కడి వాళ్ళతో కూర్చుని మాట్లాడాలని ఉంది. హార్వర్డ్ వాళ్ళు విప్పిన చర్మాన్ని భద్రంగా పక్కన పెట్టి, ఆ స్త్రీ ఎవరో తెలుసుకోవడానికి ఇంకా పరిశోధన చేస్తామనీ, ఆమెని ఎలా సాగనంపాలో ఫ్రాన్సు అధికారులతో మాట్లాడుతున్నామనీ అప్పుడు చెప్పారు. బూలాండ్ తన చీటీలో పుస్తకం గురించి రాశాడు, చర్మం గురించి రాశాడు, ఆమె పేరులో ఒక్క అక్షరం కూడా రాయలేదు.